సగం గింజ

"ముప్పై ఎనిమిది, అఖ్తరున్నిసా."

మేబెల్ టీచర్ పిలిచి ఆగింది. ఎవరూ పలకలేదు. పలకరని ఆమెకూ తెలుసు. అయినా బడి మళ్ళీ తెరిచిన నాటి నుంచి రోజూ ఆ పేరు పిలుస్తుంది, రోజూ ఆగుతుంది, కళ్ళజోడు మీదుగా ఒకసారి గుమ్మం వైపు చూస్తుంది. పద్ధతంటే పద్ధతే. తర్వాత కలాన్ని ఎర్ర సిరాబుడ్డిలో ముంచి, బుడ్డి అంచుకు రెండుసార్లు రాసి, గడిలో గైరుహాజరు గుర్తు పెట్టింది.

"ముప్పై తొమ్మిది, కాంతమణి."

మూడో బల్ల చివర కూర్చున్న కాంతమణి లేచి నిలబడింది. లేవడం వరకు బాగానే వస్తుంది. ఇరవై అంకె దాటినప్పటి నుంచే అరచేతులు చల్లబడతాయి. ముప్పై దాటాక నాలుక అంగిటికి అతుక్కుంటుంది. 'ప్రెజెంట్ టీచర్' అన్న రెండు మాటలను అప్పటికి యాభైసార్లు లోపల అనుకుని ఉంటుంది. తీరా పేరు పిలిచేసరికి ముప్పై ఏడు మంది పిల్లల తలలు ఒక్కసారి ఇటు తిరుగుతాయి. ఆ రెండు మాటలూ ఎటు పోతాయో తెలియదు.

టీచర్ ఆగింది. పిల్ల ఎదుటే నిలబడి ఉంది. ముదురాకుపచ్చ లంగా, నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలు, చెమట పట్టిన పైపెదవి, అన్నీ టీచర్‌కు కనిపిస్తూనే ఉన్నాయి.

"నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ముందు ఆ నోరంటూ ఉండాలిగా!" అంది టీచర్. పిల్లలు నవ్వారు. "పలకనివాళ్ళు నా పట్టీలో లేనట్టే అమ్మాయ్. మొదటి రోజే చెప్పాను."

ఎర్ర సిరా. బుడ్డి అంచుకు రెండుసార్లు. గుర్తు.

"ఇవాళ్టికి పన్నెండు," అంది టీచర్ వేలితో గడులు లెక్కపెట్టి. "వరసగా పదిహేను రోజులు ఈ గుర్తు పడితే పేరు కొట్టేస్తాం. ఇది నేను పెట్టిన కట్టు కాదు, బడి కట్టు. ఎల్లుండి కాక ఆవలెల్లుండి, శుక్రవారంతో పదిహేను. రెండు పేర్లున్నాయి. విన్నావా?"

విన్నానని కాంతమణి తల ఊపింది. తల ఊపితే పట్టీలోకి ఎక్కదు.

మేబెల్ టీచర్ చెడ్డ మనిషేమీ కాదు. బందరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా సికింద్రాబాదులో పాఠాలు చెబుతోంది. పిల్లల్ని కొట్టదు. జ్వరం వచ్చిన పిల్ల ఇంటికి బత్తాయిపళ్ళు పట్టుకుని వెళ్ళిన మనిషి. ఈ పిల్ల భయం వదలగొట్టడానికి ఆమె తనకు తోచిన మందు వేస్తోంది. మందు వికటిస్తే రోగిదే తప్పంటారు కానీ వైద్యుణ్ణి ఎవరంటారు?

బడిలో చేరిన మూడో రోజున కాంతమణి తెలివి ఉపయోగించింది. పలక మీద 'వచ్చాను టీచర్' అని గుండ్రంగా రాసి ఎత్తి చూపించింది. టీచర్ దగ్గరకు వచ్చి చేతిరుమాలుతో అక్షరాలు తుడిచేసి, "మూగదానివైతే రాసి చూపించు. దేవుడు నోరిచ్చాడు, పలుకు," అని నవ్వుతూనే అంది. ఆ తర్వాత కాంతమణికి చింతగింజలు తప్ప వేరే దారి దొరకలేదు.

అంతకుముందు తను చదివిన డోర్నకల్లు గుడిబడిలో పేరు పిలవడమన్నది లేదు. పేతురు పంతులుకు చూపు ఆనేది కాదు, పట్టీలో రాయడం కష్టం. గుమ్మంలో ఒక మూకుడు పెట్టేవాడు. వచ్చిన పిల్లలు ఒక్కొక్కరు తలా ఒక చింతగింజ అందులో వేసి లోపలికి వెళ్ళాలి. ఎవరైనా రాకపోతే పక్కన కూర్చునే పిల్ల ఆ ఇంటికి వెళ్ళి కబురు కనుక్కుని, మర్నాడు తన గింజతో పాటు ఒక బద్ద కూడా వేయాలి. బద్దంటే రెండుగా చీల్చిన గింజలో సగం. పిల్ల రాలేదు కానీ ఉంది, వస్తుంది, పేరు తీయొద్దు అని దానికి అర్థం. పక్కపిల్ల కబురు తేకపోతే ఆ తప్పు పక్కపిల్లదే. పంతులు బెత్తం ఎత్తేది ఆ ఒక్క తప్పుకే.

అందుకని కాంతమణి ఇక్కడ కూడా రోజూ పొద్దున అందరికంటే ముందు వచ్చి టీచర్ బల్ల మూల ఒక చింతగింజ పెట్టి కూర్చుంటోంది. టీచర్ వచ్చి, పట్టీ బల్ల మీద పరిచేటప్పుడు దాన్ని మోచేత్తో కిందికి తోసేస్తోంది. చూసి తోసింది కాదు. అది ఏమిటో ఆమెకేం తెలుసు!

ఆ సాయంత్రం టీచర్ ఒక కవరు ఇచ్చి "మీ నాన్నగారికి ఇవ్వు" అంది. తను బడికి రాలేదన్న చీటీని కాంతమణి తనే మోసుకుంటూ మెట్టుగూడ దాకా నడిచింది.

తండ్రి యేసురాజు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. దసరాకు ముందే బదిలీ మీద వచ్చారు. చేతులకు పట్టిన నల్లనూనెను రంపపు పొట్టుతో రుద్దుకుని, కడుక్కుని, అరుగు మీద కూర్చుని కవరు విప్పాడు. కూడబలుక్కుంటూ చదివాడు. "గత పన్నెండు దినములుగా... తమ కుమార్తె... పాఠశాలకు హాజరు కాలేదు..." మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"గిదేందే? రోజు పొద్దుగాల నా కండ్ల ముందట్నే పోతివి గద!"

తల్లి ఎలీసబెతు లోపలి నుంచి చీపురు పట్టుకునే వచ్చింది. "బడి పేరు చెప్పి ఏడ తిరుగుతున్నవే?"

"యాడ తిరుగలే అమ్మా. బళ్ళెనే ఉంటున్న."

"మరి లేవని రాసిండ్రేంది?"

ఇంట్లో కాంతమణికి మాటలు బాగానే వస్తాయి. ఒక్కొక్కటే చెప్పింది. యేసురాజు మొదట నవ్వాడు. నవ్వు మధ్యలో కూతురి ముఖం చూసి ఆగిపోయాడు.

"ఓస్, గింతేనా! నేను టీచరమ్మను. ఇగో, ఇది నా పట్టీ." తన అన్నం గిన్నె మూత తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గొంతు సన్నం చేశాడు. "ముప్పై తొమ్మిది, కాంతమణీ!"

"ప్రెజెంట్ టీచర్."

"జెర గట్టిగ!"

"ప్రెజెంట్ టీచర్!" పక్క క్వార్టరులో కుక్క మొరిగింది.

"గింతే గదనే పిచ్చిదానా! రేపు గిట్లనే అను."

"నువ్వొచ్చి టీచర్‌కు ఒక్క మాట చెప్పరాదు నాయినా?"

యేసురాజు గిన్నె మీద మూత మళ్ళీ పెట్టాడు. మిలిటరీ సర్కారు వచ్చాక పనిలో ఎవరెవరున్నారో, ఎవరు పారిపోయారో రోజుకు రెండుసార్లు లెక్క చూస్తున్నారు. "నెల దాక సెలవు మాట ఎత్తొద్దన్నరు బిడ్డా. ఎవడన్న గంట కనవడకపోతే వంద సవాళ్ళు అడుగుతున్నరు. అమ్మను పంపుదమంటే..."

అమ్మ పొద్దున ఆరింటికే తిరుమలగిరి పోవాలి. కంటోన్మెంటులోకి కొత్తగా వచ్చిన మేజరు ఇంట్లో పని. "మేజరమ్మ రోజు అడుగుతంది," అంది ఎలీసబెతు, బెదిరించినట్టు కాదు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ మామూలుగా. "బాబును ఎత్తుకునేటందుకు చిన్నపిల్ల కావాల్నంట. చదువు నడవకపోతే సోమారం నుంచి తోలుకపోత. ఇంట్ల కూసొని ఏం జేస్తవ్? నా లెక్క తొట్టెలు ఊపుడే."

ఆ చేతులు సోడాసబ్బుకు పగిలి ఉన్నాయి. కాంతమణి వాటివైపు చూడకుండా ఉండాలనుకుంది. చూసింది.

బుధవారం పదమూడో గుర్తు పడింది. ఇంట్లో కుక్కను మొరిగించిన గొంతు బడిలో పెదవి దాటలేదు.

మధ్యాహ్నం గంటకు పిల్లలందరూ అన్నాల గిన్నెలు పట్టుకుని బయటికి పోయారు. కాంతమణి బల్ల దగ్గరే కూర్చుని అన్నం తింటూ ఎడమచేతి వేలితో బల్ల చెక్కను తడుముతోంది. అక్కడ సూదితో గీసిన ఉర్దూ అక్షరాలు ఉన్నాయి. ఏం రాసి ఉందో తెలియదు. మొదటి రోజునే పక్కనున్న సుమిత్ర చెప్పింది, "అది అక్తర్ జాగ. దాని పేరే గది." వెనక బల్ల నుంచి ఎవరో "రజాకారోళ్ళ పిల్ల" అన్నారు. సుమిత్ర ఇంకేం మాట్లాడలేదు. కాంతమణి కూర్చున్నది రాని పిల్ల చోటులో. ఇన్నాళ్ళూ ఆ చోటులోని గైరుహాజరు తనకూ అంటుకున్నట్టే ఉంది.

ఆయా బుచ్చమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. టీచర్ బల్ల కింద వంగి ఏదో ఏరింది. కొంగు ముడి విప్పి అందులో వేసుకుంది.

"దినాం ఒక చింతగింజ దొర్కుతది నాకు. ఈడ చెట్టు లేదు, చేమ లేదు. ఏందీ కథ అనుకున్న. నువ్వు వెడుతున్నవ్ గద బిడ్డా?"

బుచ్చమ్మ మెల్లగా అడిగింది, అడిగి తన పనిలో పడిపోయింది. సమాధానం కోసం ముఖంలోకి చూడలేదు. అందుకే కాబోలు, కాంతమణి నోరు విప్పింది. మూకుడు, పంతులు, గింజ, బద్ద, అన్నీ గుసగుసగా చెప్పింది. బుచ్చమ్మ ఊడవడం ఆపకుండా అంతా విన్నది.

"గట్లయితే నీ పక్కపిల్ల కబురు నువ్వే తేవాలె గద?"

కాంతమణికి చేతిలో ముద్ద ఆగిపోయింది. అది తనకు తట్టనే లేదు. పట్టీలో అఖ్తరున్నిసా పక్కపేరు తనదే. ఆమె చోటులోనే కూర్చుంది. పదమూడు రోజులుగా కబురు తేలేదు.

"యాడుందవ్వా అక్తర్?"

"యాడుంటది? మా గల్లీలనే. నాలుగిండ్ల అవుతల."

బడి వదిలాక బుచ్చమ్మ వెనక నడిచింది. రైలుపట్టాల పక్కన ఇరుకు సందు. నడుస్తూ బుచ్చమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "వాళ్ళ అబ్బ పార్సిల్ ఆఫీసుల మూటలకు చీటీలంటించేటాయన. రజాకారు కాదు, గిజాకారు కాదు. నాకెర్క. పోలీస్ యాక్షన్ అయినంక నాల్గు దినాలకు జీపొచ్చింది, తోలుకపోయిండ్రు. ఏ జైల్ల ఉన్నడో ఎవ్వలు చెప్పరు. ఇంట్ల కాయిదాలన్ని తీస్కపోయిండ్రు. తల్లి పిల్లను గడప దాటనిస్తలేదు." ఒక పాత గోనెపట్టా వేలాడుతున్న గుమ్మం ముందు ఆగింది. "బేటీ, బడి నుంచి వచ్చింది ఈ పిల్ల. మాట్లాడు." అని తన దారిన తాను పోయింది.

పట్టా కింద రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. కాలి బొటనవేలికి పసుపు గుడ్డ కట్టి ఉంది. ముఖం కనబడలేదు.

"ఎవరు నువ్వు?"

"కాంతమణి. నీ జాగల కూసుంటున్న." ముఖం లేని గొంతుతో మాట్లాడటం ఇంత సులువని కాంతమణికి ఇప్పటిదాకా తెలియదు.

పాదాలు కొంచెం దగ్గరికి వచ్చాయి. "బల్ల మీద నా పేరు ఉన్నదా? చెరిపిండ్రా?"

"ఉన్నది. దినాం ముట్టుకుంట."

"టీచర్ నా పేరు పిలుస్తుందా?"

"పిలుస్తది. పిలిచి ఆగుతది సుత. తలుపు దిక్కు చూస్తది."

పట్టా వెనుక నుంచి గబగబా మాటలు వచ్చాయి. "అబ్బా రాంగనే వస్తా నేను. వచ్చే వారం వదిలేస్తరని మామూ అన్నడు. టీచర్‌కు చెప్పు, నా పేరు కొట్టెయ్యొద్దని చెప్పు. చిట్టీ రాస్తానంటే అమ్మీ వద్దంటది. కాగితం అంటేనే పరేషాన్ అయితది. నువ్వు నోటితోని చెప్పు. చెప్తవా?"

ఈ సికింద్రాబాదులో ఇన్ని నోళ్ళుండగా నోటి కబురు చెప్పమని ఆ పిల్ల ఎవర్ని అడిగింది చూడండి!

"చెప్త," అంది కాంతమణి. చెప్పనని అనడానికి తన దగ్గర ధైర్యం లేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర తల్లికి అఖ్తరున్నిసా కబురు చెప్పి అడిగింది, నువ్వు ఒక చీటీ రాసిస్తావా అని. ఎలీసబెతు చెయ్యి కడిగేసుకుంది. "ఆ ఇంటి పేరు ఈ ఇంట్ల ఎత్తకు. నిన్న మొన్న వచ్చినోళ్ళం. మీ నాయిన కొలువు తియ్యనీకె ఎవ్వలకన్న ఒక్క కారణం చాలు." యేసురాజు తల వంచుకుని చారు పోసుకున్నాడు. అతనికి కూతురి ముఖం చూసే మొహం లేకపోయింది.

గురువారం పొద్దున టీచర్ బల్ల మూల ఒక గింజ, దాని పక్కన ఒక బద్ద పెట్టింది కాంతమణి. గింజను ముందురోజు సాయంత్రం రాతి మీద కొట్టి చీల్చింది. పెంకు కింద తెల్లటి సగం, కడిగి తుడిచింది. తర్వాత పలక తీసింది. ఈసారి తన సంగతి కాదు కదా, టీచర్ చదువుతుందనుకుంది. బలపం తడిపి, ఒత్తి, 'అఖ్తరున్నిసా వస్తుంది. నాన్నగారు రాగానే వస్తుంది. పేరు కొట్టేయకండి' అని రాసింది. పేరు సరిగ్గా రాయడానికి మూడుసార్లు చెరిపింది.

మేబెల్ టీచర్ వచ్చింది. పట్టీ పరిచింది. మోచేతికి గింజా బద్దా తగిలి కిందికి దొర్లాయి.

"ముప్పై ఎనిమిది, అఖ్తరున్నిసా."

కాంతమణి లేచి నిలబడి పలక ఎత్తింది. పలక చట్రం గడ్డానికి తగులుతోంది. టీచర్ తల ఎత్తి చూసింది. చూసింది పలకనే కానీ దాని మీది రాతను కాదు. "నీ పేరు ఇంకా పిలవలేదు కదా, అప్పుడే లేచావేం? మళ్ళీ పలకేనా?" విసుగుగా లేచి వచ్చింది. పలక లాక్కుని, చేతిరుమాలుతో ఒక్క తుడుపు తుడిచింది. "ఈ చీటీలూ పలకలూ నా దగ్గర చెల్లవన్నానా! అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. రేపు ఒక్కరోజే ఉంది నీకు."

తుడిచిన పలక చేతికిచ్చి మళ్ళీ పట్టీ దగ్గరికి వెళ్ళింది. రెండు పేర్లకూ పద్నాలుగో గుర్తు పడింది. తడి ఆరుతుంటే పలక మీద తెల్లటి మసక మిగిలింది. అందులో 'వస్తు' అన్నంత మటుకు ఆనవాలు కనిపించింది. సుమిత్ర తొంగి చూసి ఏదో చదవబోయింది. అప్పటికే లెక్కల పుస్తకాలు తీయమన్నారు. టీచర్ మీద కాంతమణికి కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు భయం కూడా వేసింది. మధ్యాహ్నం అన్నం సహించలేదు.

"నువ్వు చెప్పరాదవ్వా టీచర్‌కు?" అని అడిగింది బుచ్చమ్మను.

"నేనా?" బుచ్చమ్మ నవ్వింది. ఆ నవ్వులో ఏడుపే ఎక్కువ ఉంది. "పోయిన వారమే చెప్పిన బిడ్డా. ఆఫీసుల పెద్దమ్మకు చెప్పిన. 'ఊడ్చే పని ఊడ్వు బుచ్చమ్మా' అన్నది. నా మాట ఎవలింటరు? నువ్వంటే బళ్ళె పిల్లవు."

సాయంత్రం కాంతమణి ఆ సందులోకి పోలేదు. పట్టాల వెంట చుట్టూ తిరిగి ఇల్లు చేరింది.

శుక్రవారం.

ఒకటో అంకె నుంచే కాంతమణి చేతులు చల్లబడ్డాయి. ఇరవై. బల్ల మీది అక్షరాల్లో వేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది. ముప్పై. ముప్పై అయిదు. తన సంగతి అప్పుడే వదిలేసుకుంది. సోమవారం నుంచి తిరుమలగిరి, బాబు, తొట్టె. అమ్మ వెంట పొద్దున ఆరింటికి నడవడం. అది అలా అయిపోయినట్టే అనుకున్నాక విచిత్రంగా కొంత ఊపిరి ఆడింది. మిగిలింది ఒక్క కబురు. అది తనది కాదు. పక్కపిల్లది.

"ముప్పై ఎనిమిది, అఖ్తరున్నిసా."

టీచర్ ఆగింది. గుమ్మం వైపు చూసింది. సిరాబుడ్డి పక్కన ఇవాళ రూళ్ళకర్ర కూడా ఉంది. ఎర్ర గుర్తు పెట్టి, రూళ్ళకర్ర చేతిలోకి తీసుకుంది.

కాంతమణి లేచింది. బల్ల కిర్రుమంది.

"టీచర్, అక్తరున్నిసా వస్తదంట. వాళ్ళ నాయిన రాంగనే వస్తదంట. పేరు కొట్టెయ్యొద్దని చెప్పుమన్నది."

సన్నటి గొంతు, మధ్యలో రెండుచోట్ల చీలింది. కానీ ప్రతి మాటా చివరి బల్ల దాకా వినబడింది. తలలన్నీ తిరిగాయి. ఎవరూ నవ్వలేదు.

మేబెల్ టీచర్ చేతిలో రూళ్ళకర్ర ఆగిపోయింది. కళ్ళజోడు తీసింది. ఆమె ముఖం విప్పారిన తీరు చూస్తే కొండంత సంతోషం అనిపించింది. లేచి వచ్చి కాంతమణి తల మీద చెయ్యి వేసింది.

"చూశారా పిల్లలూ! నేను చెప్పలేదూ, నోరుందని! ఎంత చక్కటి గొంతు! చప్పట్లు కొట్టండి."

చప్పట్లు మోగాయి. సుమిత్ర అందరికంటే గట్టిగా కొట్టింది. టీచర్ గబగబా బల్ల దగ్గరికి పోయి ఎర్ర కలం పక్కన పెట్టి నల్ల కలం తీసింది. "ముప్పై తొమ్మిది, కాంతమణి."

"ప్రెజెంట్ టీచర్."

పదిహేనో గడిలో నల్ల గుర్తు పడింది. పద్నాలుగు ఎర్ర గుర్తుల పక్కన ఒక్కటే నల్లది. దాంతో వరస తెగింది. పేరు నిలిచింది.

"కూర్చో తల్లీ."

కాంతమణి కూర్చోలేదు. "అక్తర్ పేరు టీచర్..."

"ఆ." టీచర్ ముఖంలో సంతోషం కొంచెం తగ్గింది. కళ్ళజోడు పెట్టుకుంది. ఆమెకు కూడా కష్టంగానే ఉన్నట్టుంది, పట్టీ వైపు చూస్తూ మాట్లాడింది. "కబురు ఏదైనా ఉంటే పదిహేనో పిలుపుకు ముందే చెప్పాలి. అప్పుడైతే సెలవు కింద రాసేదాన్ని. పిలుపు అయ్యాక నా చేతిలో ఏం లేదమ్మా. గంటలో ఈ పట్టీ ఆఫీసుకు పోవాలి. ఆ సీటు కోసం ముగ్గురు కాచుకుని ఉన్నారు. నిన్న ఒక్క మాట... నిన్న ఒక్క మాట చెప్పి ఉంటే!"

నిన్న చెప్పాను టీచర్, మీరే తుడిచేశారు అన్న మాట గొంతు దాకా వచ్చింది. మాట అక్కడే ఆగిపోయింది. వచ్చిన నోరు ఇంతలోనే పోయింది.

మేబెల్ టీచర్ అఖ్తరున్నిసా పేరు కింద రూళ్ళకర్ర ఆనించింది. కలం ముంచి, అంచుకు రాసి, గీసింది. పొడుగు పేరు కావడంతో సిరా మధ్యలోనే అయిపోయింది. మళ్ళీ ముంచి మిగతా సగం గీసింది. అద్దుడు కాగితం పెట్టి, అరచేత్తో ఒత్తి, తీసింది. కాగితం మీద ఎర్ర గీత ఒకటి తిరగబడి పడింది.

సాయంత్రం బుచ్చమ్మ కొంగు ముడి విప్పి గింజలన్నీ కాంతమణి దోసిట్లో పోసింది. పన్నెండో పదమూడో ఉన్నాయి, రెండు బద్దలు. "నోరొచ్చింది గద బిడ్డా. ఇగ వీటితోని ఏం పని," అంది. మెచ్చుకోలుగానే అంది. కాంతమణి వాటిని లంగా ముడిలో కట్టుకుంది.

ఇంట్లో పండగే జరిగింది. యేసురాజు జిలేబీ పట్టుకొచ్చాడు. అన్నం గిన్నె మూత తీసి మళ్ళీ పట్టీ చదివాడు. ఎలీసబెతు చాలా రోజుల తర్వాత నవ్వింది. మేజరమ్మకు వేరే పిల్లను చూసుకోమని చెప్తానంది. కాంతమణి జిలేబీ తింది. తియ్యగానే ఉంది, అదే ఆమెకు సిగ్గు అనిపించింది.

సోమవారం కొత్త నెల. కొత్త పట్టీ తెరిచారు. అట్ట మీద జిగురు వాసన. తీసేసిన పేరు పోగా అంకెలు పైకి జరిగాయి.

"ముప్పై ఎనిమిది, కాంతమణి."

"ప్రెజెంట్ టీచర్."

టీచర్ తల ఎత్తి చిరునవ్వు నవ్వింది. ఎక్కడా ఆగలేదు, గుమ్మం వైపు చూడలేదు. ఆగడానికి పట్టీలో ఇక చోటు లేదు. ముప్పై తొమ్మిది మరెవరో కొత్త పిల్ల, గట్టిగా పలికింది. ఆ పిల్లను వెనక బల్లలో కూర్చోబెట్టారు. టీచర్ బల్ల మూల ఆ పొద్దున గింజ లేదు. కాంతమణికిప్పుడు నోరుంది కదా. బద్ద ఒక్కటే ఉంది. మోచెయ్యి తగిలి అది కింద పడింది.

సాయంత్రం పట్టాల వెంట చుట్టు తిరిగి పోదామనుకుంది. కాళ్ళు మాత్రం సందులోకే వెళ్ళాయి. గోనెపట్టా ముందు తల వంచుకుని గబగబా దాటేయబోయింది.

"కాంతమణీ! నువ్వేనా?"

పసుపు గుడ్డ లేదు, బొటనవేలు మానింది. పాదాలు గడప దాకా వచ్చాయి.

"ఇయాల పిలిచిండ్రా నా పేరు?"

మూడో బల్ల, చప్పట్లు, ఎర్ర గీత, అద్దుడు కాగితం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ముఖం కనబడని ఈ గుమ్మం ముందు కాంతమణికి ఎప్పుడూ మాట తడబడలేదు. ఇవాళ కూడా తడబడలేదు.

"పిలిచిండ్రు."

"ఆగిండ్రా?"

"ఆగిండ్రు. తలుపు దిక్కు చూసిండ్రు."

పట్టా వెనుక పాదాలు ఒక్కసారి ఎగిరాయి. లోపలికి తిరిగి అఖ్తరున్నిసా తన పేరు ఇంకా ఉందని సంతోషంగా కేక వేసింది, "అమ్మీ! నామ్ హై మేరా, అభీ హై!" లోపలి నుంచి ఆడమనిషి గొంతు సన్నగా దేవుణ్ణి తలుచుకుంది.

కాంతమణి ఇంటికి నడిచింది. పిడికిట్లో రేపటి బద్ద ఉంది.